‘తాగుబోతు’ అనకుండా తాగుడు గురించి మాట్లాడడం ఎలా?

పాపాన్ని ద్వేషించాలి, పాపిని ప్రేమించాలి అనే మాట మన మందిరాల్లో తరచుగా వినిపిస్తుంది. ఇది బైబిలులో ఎక్కడుందని అడిగితే చాలామంది సామెతల్లోనో పౌలు పత్రికల్లోనో ఉండి ఉంటుందంటారు. నిజానికి ఈ రూపంలో అది బైబిలులో లేదు. దాదాపు 1600 సంవత్సరాల క్రితం ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణానికి బిషప్పుగా ఉన్న అగస్టీను, కన్యామఠంలోని సోదరీమణులకు రాసిన ఒక లేఖలో, తప్పు చేసినవారిని దిద్దవలసి వచ్చినప్పుడు మనుషుల మీద ప్రేమతోనూ దోషాల మీద ద్వేషంతోనూ దిద్దమని చెప్పాడు. గాంధీజీ తన ఆత్మకథలో ఇదే సూత్రాన్ని తలచుకొని, అర్థం చేసుకోవడం సులువే గాని ఆచరించేవారు అరుదని రాశారు. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది ఆ ఆచరణ సంగతే. మీరు సంఘపెద్ద కావచ్చు, సండే స్కూలు టీచరు కావచ్చు, తాగే కొడుకు ఉన్న తల్లి కావచ్చు, లేదా అద్దంలో మీ ముఖం చూసుకోలేని స్థితిలో ఉన్నది మీరే కావచ్చు. ఎవరైనా చేయవలసిన పనులు దాదాపు ఇవే.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పలాసలో జీడిపిక్క పెంకు పగలగొట్టి పప్పు తీసినట్టుగా, పాపాన్ని పగలగొట్టి తీసేస్తే లోపల మచ్చలేని తెల్లటి మనిషి మిగులుతాడని క్రైస్తవ బోధ చెప్పదు. ‘పాపము చేయువారందరు నీకసహ్యులు’ అని ఐదవ కీర్తన దేవునితో అంటుంది. అక్కడ అసహ్యం చేసిన పనితో ఆగిపోకుండా చేసినవారి దాకా వచ్చింది. ఈ వచనాన్ని పక్కన పెట్టేసి ప్రేమ గురించి మాత్రమే మాట్లాడేవారి మాట ఎక్కువ దూరం నిలవదు. అయితే జలప్రళయం తరువాత, మనుషుల చెడుతనమంతా బయటపడిన తరువాత కూడా, ఆదికాండము తొమ్మిదవ అధ్యాయం మనిషి దేవుని స్వరూపంలో చేయబడ్డాడన్న మాటను వెనక్కి తీసుకోలేదు. యాకోబు పత్రిక నాలుకను గద్దిస్తూ, దానితో మనం శపించేది ‘దేవుని పోలికెగా పుట్టిన మనుష్యులను’ అని గుర్తుచేస్తుంది. అగస్టీను మొదలుకొని పదమూడవ శతాబ్దపు దైవశాస్త్రవేత్త థామస్ అక్వినాస్ వరకు పెద్దలు నిలబడిన చోటు ఇదే: మనిషి దేవుడు చేసినవాడు, పాపం ఆ మనిషిలో వచ్చిన చెడుగే గాని దానికంటూ వేరే ఉనికి లేదు. పండులో కుళ్ళు ఉంటుంది గాని, కుళ్ళు అనే పండు ఏ చెట్టుకూ కాయదు. కనుక మీరు వేరుగా ఉంచవలసినవి రెండు ప్రశ్నలు. ఇతడు ఎవరు అన్నది ఒకటి, ఇతడు ఏం చేశాడు అన్నది మరొకటి. ఒకదాని జవాబు రెండవదాని చోట పడకుండా చూసుకోవడమే మీ పని.

మొదట మాటను మార్చండి

మనుషులకు పేర్లు పెట్టడంలో తెలుగు మహా చురుకైన భాష. తాగుబోతు, తిండిపోతు, లంచగొండి, అబద్ధాలకోరు, మోసగాడు, జూదరి. తోక ఒకటి తగిలిస్తే చాలు, చేసిన పని కాస్తా చేసినవాడి పేరైపోతుంది. పూర్వం రజకులు ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో అంచున గుర్తు పెట్టేవారు; బట్ట చిరిగిపోయేదాకా ఆ గుర్తు పోయేది కాదు. ఊళ్లో పడే పేరు కూడా అంత గట్టిదే. తేడా ఒక్కటే: జీడిగుర్తు ఆ బట్ట ఎవరిదో చెప్పేది, ఊరు పెట్టిన గుర్తు ఈ మనిషి ఎవరివాడో మరిపిస్తుంది.

అందుచేత మొదటి అభ్యాసం కాగితం మీద చేయండి. మీ మనసులో ఉన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయండి: ‘అతడు తాగుబోతు.’ దాని కింద అదే సంగతిని క్రియతో, కాలంతో రాయండి: ‘సంక్రాంతి నుండి అతడు వారంలో నాలుగైదు సాయంత్రాలు తాగి వస్తున్నాడు, కూలి డబ్బులో సగం ఇంటికి చేరడం లేదు, పోయిన నెల భార్య మెడలో పుస్తెలు తాకట్టుకు వెళ్ళాయి.’ రెండవ వాక్యం మొదటిదానికన్నా మెత్తనిదేమీ కాదని మీరే గమనిస్తారు. నిజానికి అదే ఎక్కువ గుచ్చుతుంది. కాని దానికి మొదలు ఉంది, మొదలున్నదానికి చివర కూడా ఉండవచ్చు. ‘ఆడేటి మారతాడు, ఆడి బతుకంతే’ అనే మాట మొదటి వాక్యం నుండి పుడుతుందే తప్ప రెండవదాని నుండి పుట్టదు.

ఈ పాఠం నాకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. కొన్నేళ్ళ క్రితం విజయనగరం జిల్లాలో, చంపావతి ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో గృహకూడిక జరుగుతున్నది. కరెంటు లేదు, చార్జింగు దీపం పెట్టుకొని తుంగచాపల మీద కూర్చున్నాము. ప్రార్థన నా వంతు వచ్చినప్పుడు ఒక సహోదరుణ్ణి పేరు పెట్టి ఎత్తి, ‘తాగుబోతైన ఇతణ్ణి కనికరించు తండ్రీ’ అని గొంతెత్తి వేడుకున్నాను. ఆయన రాలేదు గాని ఎనిమిదో తరగతి చదువుతున్న ఆయన కూతురు వచ్చి కూర్చుందని నేను చూసుకోలేదు. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి ఆ పిల్ల తల వంచుకొని చాప అంచునుండి ఒక్కొక్క తుంగపోచ లాగుతున్నది. పక్కన చిన్న కుప్ప తయారైంది. ఆ తరువాత మూడు ఆదివారాలు ఆమె సండే స్కూలుకు రాలేదు. నాలుగో వారం నేనే ఇంటికి వెళ్లి, ‘అమ్మా, ఆ రోజు నేనలా అనకూడదు’ అన్నాను. ఆ పిల్ల నన్ను తప్పుపట్టలేదు, క్షమించాననీ అనలేదు. ‘మా నాన్న తాపీమేస్త్రండి’ అని మాత్రం అంది.

ఆ పిల్ల దిద్దినట్టే యేసు కూడా ఒక విందులో దిద్దాడు. లూకా సువార్త ఏడవ అధ్యాయంలో పరిసయ్యుడైన సీమోను తన ఇంటికి వచ్చిన స్త్రీని చూసి, ఈమె పాపాత్మురాలని మనసులో అనుకుంటాడు. యేసు ఆమె వైపు తిరిగి, ఈ స్త్రీని చూస్తున్నావా అని అతణ్ణి అడుగుతాడు. ఆమె పాపాలు విస్తారమని అదే సంభాషణలో ఆయన ఒప్పుకున్నాడు కూడా. సీమోను చూసింది పేరునే గాని స్త్రీని కాదు.

ఇక్కడ మన భాషకు ఒక మంచి మాట కూడా చెప్పి తీరాలి. ఒకే ‘పాపం’ అనే పదంతో మనం నేరాన్నీ చెబుతాము, ‘అయ్యో పాపం’ అని జాలినీ చెబుతాము. ఇది ఎవరు ఎప్పుడు కుదిర్చారో గాని, ప్రసంగీకులు వాడుకోదగినంత అందంగా కుదిరింది.

తరువాత తప్పును తగ్గించకుండా చెప్పండి

పేరు తీసేశాము గనుక తప్పును కూడా చిన్నది చేసేయాలనిపించడం సహజం. ‘ఏదో బలహీనత’ అనే మాట మన సంఘాల్లో దీనికోసమే తిరుగుతూ ఉంటుంది. అప్పు ఎగ్గొట్టడం బలహీనతే, చేయి చేసుకోవడం బలహీనతే, వేరొకరి భార్యకు రాత్రిళ్ళు మెసేజీలు పెట్టడం కూడా బలహీనతే. ఇలా అన్నప్పుడు మీరు మనిషిని కాపాడుతున్నామనుకుంటారు గాని, కాపాడుతున్నది తప్పును.

నాతాను ప్రవక్త దావీదు రాజు దగ్గరకు వెళ్ళినప్పుడు ముందు, ధనవంతుడొకడు లాక్కున్న ఒక పేదవాడి గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. రాజుకు కోపం రాజుకున్నాక, ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నాడు. అక్కడితో ఆగకుండా, తన సైనికుడైన ఊరియాను ఎవరి కత్తితో చంపించాడో, ఎవరి భార్యను తీసుకున్నాడో వివరంగా చెప్పాడు. దావీదు జవాబు క్రియలో వచ్చింది: ‘పాపముచేసితిని.’ రాజును హంతకుడా అని పిలిచి ఉంటే ఆ జవాబు వచ్చేదని నాకు నమ్మకం లేదు. ఆ సంఘటనతో ముడిపడిన 51వ కీర్తనలో మాత్రం దావీదు తన పుట్టుక దాకా వెళ్లి తనలోని చెడుగును ఒప్పుకుంటాడు. ఎదుటివాడు చెప్పవలసింది పని గురించి. తన లోతు గురించి చెప్పుకోవలసింది ఎవరికి వారే. నాతాను హద్దు దాటలేదు, దావీదు తనంతట తానే దాటాడు.

కాబట్టి మాట్లాడబోయే ముందు మూడు సంగతులు సిద్ధం చేసుకోండి: ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరికి నష్టం కలిగింది. వీటిలో మీకు తెలియనిది ఉంటే అడిగి తెలుసుకోండి, ఊహించి నింపకండి. ‘నీ మనసే అంత’, ‘మీ ఇంటివాళ్ళందరూ అంతే’ అనే మాటలు ఈ జాబితాలో ఎక్కడా పట్టవు. కథోలిక సంఘం 1992లో వెలువరించిన ధర్మోపదేశ గ్రంథం ఈ హద్దును చక్కగా గీసింది: ఒక పని ఘోరమైన తప్పని మనం తీర్పు చెప్పవచ్చు, ఆ మనిషి మీద తీర్పును మాత్రం దేవుని న్యాయానికీ కనికరానికీ విడిచిపెట్టాలి.

ముందుగా మీ మీద ప్రయోగించుకోండి

ఇది చదవడానికి చిన్న పనిలా కనిపిస్తుంది గాని, అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టేది ఇదే. మన తప్పు విషయంలో మనం ఈ వేరుచేయడాన్ని అద్భుతంగా చేస్తాము. నేను విసుక్కుంటే ఆ రోజు పని ఒత్తిడి ఎక్కువ. పక్కింటాయన విసుక్కుంటే ఆయన కోపిష్టి. ఈ ఉదారతనే పక్కింటికి కూడా పంచమని అడగడం తప్ప ఈ బోధలో కొత్తదేమీ లేదు.

మరో రకం మనుషులు ఉంటారు. ఒక్కసారి పడ్డారంటే ‘నేనింతే, నా బతుకే పాపం’ అని తమకు తామే జీడిగుర్తు వేసుకుంటారు. మీరు అలాంటివారైతే, పౌలు రోమా పత్రిక ఏడవ అధ్యాయంలో రాసుకున్నది నెమ్మదిగా చదవండి. తాను ద్వేషించేదాన్నే తాను చేస్తున్నానని ఒప్పుకుంటూ, దాన్ని చేసేది తనలో నివసించే పాపమే గాని తాను కాదని అంటాడు. మీలో ఆ పనిని అసహ్యించుకునేవారు ఒకరు ఇంకా మిగిలి ఉన్నారనీ, ఆ ఒకరే మీరనీ ఆయన మాటల అర్థం.

ఈ వచనాన్ని సాకుగా వాడేవారిని కూడా నేను చూశాను. ‘నేను కాదండి, నాలోని శరీరం చేయించింది’ అనీ, ‘సాతాను నన్ను వాడుకున్నాడు’ అనీ సంఘం ముందు కన్నీళ్ళతో చెబుతారు. నష్టపోయినవాడి డబ్బు మాత్రం తిరిగి రాదు. పౌలు ఆ మాటతో ఆగలేదని వారికి చూపించండి. కొద్ది వచనాల తరువాత ‘అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను’ అన్నది ఆయనే. తిమోతికి రాసినప్పుడు పాపుల్లో ‘నేను ప్రధానుడను’ అన్నాడు, ప్రధానుడనై ఉంటిని అనలేదు. విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడుగానూ పాపిగానూ ఉంటాడని 1515, 1516 సంవత్సరాల్లో రోమా పత్రిక మీద పాఠాలు చెబుతూ మార్టిన్ లూథర్ నొక్కి చెప్పింది కూడా ఈ రెండు కొసలనూ వదలకుండా పట్టుకోవడానికే.

తాగుడు మానాలనుకునేవారి కోసం 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటాల్లో ఒక్కొక్కరు లేచి, నా పేరు ఫలానా, నేను తాగుడుకు బానిసను అని చెప్పుకోవడం ఆనవాయితీ. ఎన్నేళ్ళుగా మానేసినవారైనా అలాగే చెబుతారు. క్రైస్తవుల్లో కొందరికి ఇది నచ్చదు, క్రీస్తులో నూతన సృష్టి అయినవాడు పాత పేరు ఎందుకు మోయాలంటారు. నా అభిప్రాయం చెప్పమంటే, తన నోటితో తాను అనుకున్న మాట వేరు, మనం అంటించిన మాట వేరు. ఆ కూటంలో మొదట వచ్చేది అతని పేరు. జబ్బు తరువాత వస్తుంది.

జబ్బు అన్నాను గనుక ఇది కూడా చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, మతి చెదరడం, ఫిట్స్ రావడం జరగవచ్చు; ప్రాణాపాయం కూడా ఉంటుంది. ‘ఈ రాత్రే ఒట్టు పెట్టి మానెయ్’ అని ప్రార్థనలో పట్టుబట్టకుండా ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుణ్ణి కలవండి. వ్యసన విముక్తి కోసం 14446 అనే జాతీయ హెల్ప్‌లైను ఉంది, ఫోను ఖర్చు ఉండదు. ఒప్పుకోలు పాపానికి, వైద్యం ఒంటికి. రెండూ ఒకే మనిషికి అవసరం కావచ్చు.

ఒంటరిగా వెళ్ళండి

మత్తయి సువార్త పద్ధెనిమిదవ అధ్యాయం క్రమం చెప్పింది: మొదట నీవూ అతడూ మాత్రమే, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకొని, అప్పటికీ వినకపోతే సంఘానికి. మన దగ్గర ఈ క్రమం తలకిందులుగా నడుస్తుంది. ముందు టీ కొట్టు దగ్గర తెలుస్తుంది, తరువాత స్త్రీల కూడికలో ‘ప్రార్థన అంశం’ అవుతుంది, ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా అందరికీ తెలిసేలా వస్తుంది. చివరికి ఎప్పుడో ఆ మనిషికి తెలుస్తుంది. ప్రార్థన అంశం ముసుగులో వెళ్ళే చాడీ ఎవరి నోటా చెడ్డమాటగా కనిపించదు గనుకనే అది ఎక్కువ ప్రమాదకరం.

ఎలా మాట్లాడాలో గలతీ పత్రిక ఆరవ అధ్యాయం మొదటి వచనం చెబుతుంది: ‘సాత్వికమైన మనస్సుతో అట్టివానిని మంచిదారికి తీసికొని రావలెను.’ మంచిదారికి తీసుకురావడం అని మన అనువాదకులు రాసిన చోట మూలంలో ఉన్న గ్రీకు క్రియే, మార్కు సువార్తలో యాకోబు, యోహానులు దోనెలో కూర్చొని వలలు బాగుచేసుకుంటున్నారని చెప్పిన చోట కూడా ఉంది. ఈ పోలిక పుస్తకంలో చదివితే అర్థం కాకపోవచ్చు. కళింగపట్నం ఒడ్డుకో భావనపాడుకో వెళ్లి పడవ నీడలో వల బాగుచేసేవారిని కాసేపు చూడండి. ఆయన వలను కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టుకుంటాడు. చిరిగిన చోటు వెతికి, పీలికలైన పోగులను ముందు కోసేస్తాడు. అంటే కన్నం మొదట ఇంకొంచెం పెద్దదవుతుంది. ఆ తరువాత చుట్టూ ఉన్న గట్టి కన్నులకు ముడివేస్తూ కొత్త కన్నులు అల్లుకుంటూ వస్తాడు. చిరిగిన చోటికి ఆధారం చిరగని చోటే. మీరు మాట్లాడేటప్పుడు కూడా ఆ మనిషిలో ఇంకా చిరగనిది ఏమిటో తెలిసి ఉండాలి. పిల్లల చదువు మీద ఆయనకున్న పట్టుదల కావచ్చు, అమ్మ మీద ప్రేమ కావచ్చు. అది మీకు తెలియకపోతే మీరింకా మాట్లాడడానికి తయారు కాలేదు.

మాటల వరుస కూడా చూసుకోండి. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీతో యేసు ముందు ‘నేనును నీకు శిక్ష విధింపను’ అని, ఆ తరువాత ఇక పాపం చేయవద్దని చెప్పాడు. మనమేమో ‘ముందు మానెయ్, తరువాత క్షమిస్తాం’ అంటాము.

వరుసను తెంచకండి

తప్పిపోయిన కుమారుని కథలో పెద్దకొడుకు తండ్రితో మాట్లాడుతూ తమ్ముణ్ణి ‘ఈ నీ కుమారుడు’ అంటాడు. తమ్ముడనే మాట అతని నోట రాదు. పైగా ఆస్తిని వేశ్యలతో తినేశాడని జతచేస్తాడు. కథలో అంతకుముందు ఆ వివరం ఎక్కడా లేదు. తండ్రి ఆ వివరాన్ని ఖండించడు, వాదించడు. ‘ఈ నీ తమ్ముడు చనిపోయి తిరిగి బ్రదికెను’ అని వరుసను మాత్రం తిరిగి కలుపుతాడు. మన ఇళ్ళల్లో కోపం వచ్చినప్పుడు మొదట తెగేది ఇదే. ‘నీ కొడుకు చేసిన పని చూశావా’ అని భర్త భార్యతో అంటాడు. మీ ఇంట్లో ఆ వాక్యం వినిపించినప్పుడు ‘మన కొడుకు’ అని నెమ్మదిగా దిద్దండి, గట్టిగా అవసరం లేదు.

సంఘంలో ఈ పని మరింత కష్టం. పంతొమ్మిదవ శతాబ్దం చివరలో కెనడా బాప్టిస్టు మిషనరీలు పనిచేసిన బొబ్బిలి, శ్రీకాకుళం ప్రాంతాల సంఘాల్లో గాని, తరువాత వచ్చిన సంఘాల్లో గాని, బహిరంగమైన తప్పు జరిగితే ప్రభువు బల్ల నుండి, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం నుండి, ఆపడం అందరికీ తెలిసిన పద్ధతి. నేను దానికి వ్యతిరేకిని కాను. కొరింథులో తప్పు చేసినవాణ్ణి వెలివేయమని పౌలు చెప్పిన మాట అంతకన్నా కఠినమైనది. అయితే అదే పౌలు థెస్సలొనీకయులకు, అలాంటివాడితో సాంగత్యం చేయవద్దంటూనే, ‘అతనిని శత్రువుగా భావింపక సహోదరునిగా భావించి’ బుద్ధి చెప్పమన్నాడు. కొరింథీయులకు రెండవ పత్రికలో, శిక్ష అనుభవించినవాడు అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించమని బతిమాలాడు. బల్ల నుండి ఆపవలసి వస్తే ఎందుకు ఆపుతున్నారో ఆ మనిషికి ముఖాముఖి చెప్పండి, మళ్లీ ఎప్పుడు కూర్చొని మాట్లాడతారో తేదీ చెప్పండి, ఈలోగా ఎవరు ఇంటికి వస్తుంటారో కూడా చెప్పండి. తేదీ చెప్పకుండా ఆపిన మనుషులు ఏళ్ళు గడిచినా వెనుక వరుసలోనే ఉండిపోతారు. ఆపిన పెద్దలు ఆ సంగతి మరిచిపోయి ఉంటారు. బల్ల ఆగినా ఆయన ఇంట్లో జ్వరమొస్తే పలకరింపు ఆగకూడదు.

అప్పు లెక్క అప్పుగానే ఉంచండి

మనిషిని పాపంతో కలపకుండా చూడడం అంటే నష్టాన్ని మాఫీ చేయడమని కొందరు అనుకుంటారు. ఫిలేమోను పత్రిక చదివితే ఆ అనుమానం తీరుతుంది. యజమాని ఫిలేమోను దగ్గర నుండి వెళ్ళిపోయిన దాసుడు ఒనేసిము పేరుకు ప్రయోజనకరుడు అని అర్థం. పౌలు ఆ పేరుతోనే ఆడుకుంటూ, ఒకప్పుడు నీకు నిష్ప్రయోజనుడైనవాడు ఇప్పుడు నీకూ నాకూ ప్రయోజనకరుడని రాస్తాడు. కాని నష్టం ఊసు దాటవేయడు: అతడు ఏమైనా బాకీ ఉంటే ‘అది నా లెక్కలో చేర్చుము’ అంటాడు. లెక్క రద్దు కాలేదు, ఎవరో ఒకరు కట్టాలి. సుంకాలు వసూలు చేసే జక్కయ్య కూడా అంతే. యేసు తన ఇంటికి వచ్చాక అతడు లేచి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఊరంతా పాపి అని పిలిచిన మనిషి గురించి ‘ఇతడును అబ్రాహాము కుమారుడే’ అన్న మాట ఆ లెక్క పక్కనే వచ్చింది.

మందిరం కట్టడానికి పోగుచేసిన చందాలో ఎవరైనా చేయి పెట్టారనుకోండి. క్షమించండి, భోజనానికి పిలవండి, నెలకు ఎంత తిరిగి కడతారో కాగితం మీద రాయించండి, ఖజానా తాళం మాత్రం మళ్లీ ఇవ్వకండి. సహోదరుడుగా ఉండడం హక్కు, కోశాధికారిగా ఉండడం బాధ్యత. ఈ రెండింటినీ కలిపేసి ‘క్షమించారు కదా, మళ్లీ పదవి ఎందుకివ్వరు’ అని అడిగేవారికి ఇదే జవాబు.

ఇంకొకరి ఒంటికీ ప్రాణానికీ హాని జరుగుతున్నప్పుడు ఈ మాటలేవీ అడ్డం పెట్టకండి. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, తెలియజేయకపోవడమే శిక్షార్హం. పాస్టరుగారికి చెప్పాము, పెద్దల్లో తేల్చుకుంటాము అంటే కుదరదు. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181 నంబర్లు ఉన్నాయి. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆడపిల్లకు ‘పాపాన్ని ద్వేషించమ్మా, భర్తను ప్రేమించు’ అని చెప్పి అదే ఇంటికి పంపించడం ఈ సూత్రానికి జరిగే అతి పెద్ద అవమానం. ముందు ఆమెకు భద్రమైన చోటు చూడండి. ఆయన ఎవరో, ఆయనలో దేవుని స్వరూపం ఎంత మిగిలిందో తరువాత తీరికగా మాట్లాడుకోవచ్చు.

సంఘాలు ఒక్కమాట మీద లేని చోటు కూడా ఉంది. స్వలింగ ఆకర్షణ వంటి విషయాల్లో, ఆకర్షణ వేరు, చేసిన పని వేరు అనేవారు కొందరు, ఆకర్షణ కూడా పశ్చాత్తాపపడవలసినదే అనేవారు కొందరు, అసలు దీన్ని పాపాల జాబితాలో చేర్చడమే పొరపాటు అనేవారు మరికొందరు. ఆ వాదాన్ని ఇక్కడ తేల్చబోను. మీరు ఏ పక్షాన ఉన్నా పాటించవలసినవి రెండు: ఆ మనిషి తన గురించి మీకు నమ్మి చెప్పుకున్నది మరో చెవిలో వేయకండి, శోధన కలగడాన్ని చేసిన పనిగా లెక్కగట్టకండి. యేసు అన్ని విషయాల్లో శోధింపబడ్డాడనీ, పాపం లేనివాడనీ హెబ్రీ పత్రిక ఒకే వాక్యంలో చెప్పింది.

తిరిగి వచ్చినవారిని సాక్ష్యంగా మార్చకండి

ఇది చాలామంది గమనించని తప్పు. మానేసి వచ్చినవాడిని ప్రతి కన్వెన్షన్‌లో వేదిక మీద నిలబెట్టి, ఎంత తాగేవాడో, భార్యను ఎలా కొట్టేవాడో చెప్పిస్తాము. ఒకసారి తన ఇష్టంతో చెబితే అది ఒప్పుకోలు. పదిసార్లు మన ఇష్టంతో చెప్పిస్తే పాత పేరుకు ముందు ‘మారిన’ అని చేర్చి మళ్లీ అంటించినట్టే. కింద కూర్చున్న పిల్లలు ఆ పదిసార్లూ వింటారు. కొరింథీయులతో పౌలు ‘మీలో కొందరట్టివారై యుంటిరి’ అని ఒక్క ముక్క అని, వెంటనే కడగబడ్డారు, పరిశుద్ధపరచబడ్డారు అని ముందుకు వెళ్ళిపోయాడు. ఎవరెవరు ఏమేమి చేశారో పేర్లు రాయలేదు.

ఆ తాపీమేస్త్రి గారు ఆసుపత్రికి వెళ్లి మందులు వాడారు, మానేశారు. ఆ తరువాత రెండుసార్లు మళ్లీ తాగారు, మళ్లీ వెళ్లారు. రెండోసారి ఆయన ఇంటికి వెళ్ళినప్పుడు నేను ప్రార్థన చేయలేదు. పక్కన కూర్చొని ఆయన పెట్టిన టీ తాగి వచ్చాను. పోయిన వేసవిలో మా మందిరం వసారాకు గచ్చు వేయించాము. ఆ వారం శ్రీకాకుళం నుండి వచ్చిన ఒక అతిథి ప్రసంగీకులు ఆయన్ను చూపించి, ఈ సహోదరుడి సాక్ష్యం ఏమిటని నన్ను అడిగారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చొని రసమట్టంతో వాలు చూసుకుంటున్నారు, కూతురు బకెట్టుతో నీళ్ళు అందిస్తున్నది.

‘ఈయన మా తాపీమేస్త్రండి’ అన్నాను. ‘చెప్పులు అక్కడే విడవండి, గచ్చు ఇంకా పచ్చిగానే ఉంది.’